కప్పు లేని గోలీ: కేరీ ప్రైస్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ దక్కాలా?

(టొరంటో దగ్గర తెలుగు కుటుంబాల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి. పిల్లల్ని బయటికి పంపక్కర్లేదు. ఈ విషయం మనకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను తప్పు చెబితే వాళ్లే పట్టుకుంటారు.

ఇండియాలో పెరిగినవాళ్లకి హాకీ అంటే టర్ఫ్ మీద బంతితో ఆడే ఆట. గోల్‌కీపర్ అంటే మనకు గుర్తొచ్చేది శ్రీజేష్. టోక్యోలో, పారిస్‌లో రెండు ఒలింపిక్ కంచు పతకాలు తెచ్చాడు, ఆయన వేసుకున్న 16వ నంబరు జెర్సీని సీనియర్ జట్టులో ఇంకెవరికీ ఇవ్వమని పక్కన పెట్టారు. మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన రజని ఎతిమర్పు కూడా గోల్‌కీపరే. ఇక్కడ కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆట, బంతి బదులు పక్, గోల్‌కీపర్‌ని గోలీ అంటారు. ఆట వేరైనా గోల్ ముందు నిలబడేవాడి బతుకు ఒకటే. పది ఆపితే ఎవరూ మాట్లాడరు, ఒకటి వదిలితే ఊరంతా మాట్లాడుతుంది.

ఇవాళ్టి ప్రశ్న ఒకటే. మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు గోలీ కేరీ ప్రైస్ హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఈ ఆటలో గొప్పవాళ్ల పేర్లు గౌరవంగా పెట్టే చోట, ఉండాలా, వద్దా? అతను ఒక్క స్టాన్లీ కప్ కూడా, అంటే ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద లీగ్‌లో విజేత జట్టుకిచ్చే కప్పు, గెలవలేదు. ఒక్కటి కూడా. మరి అలాంటివాడికి ఆ గోడ మీద పేరెందుకు?

ముందు ఆ గోడ సంగతి చెప్పుకుందాం. డౌన్‌టౌన్‌లో యంగ్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉందది. మీలో చాలామంది యూనియన్ స్టేషన్‌కి పోతూ దాని పక్కనుంచే నడుస్తారు. 1885లో కట్టిన బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ భవనం. హాల్ అందులోకి వచ్చింది 1993లో. స్టాన్లీ కప్ మొదటి గిన్నె, అసలుది, ఇప్పటికీ ఆ పాత బ్యాంకు ఖజానా గదిలోనే ఉంది. బ్యాంకు పోయింది, బీరువా మిగిలింది, అందులో బంగారం బదులు గిన్నె పెట్టారు.

ఇక లోపలికి ఎలా వెళ్తారు? ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. ఎంపిక కమిటీలో 18 మంది ఉంటారు. పాత ఆటగాళ్లు, జట్లు నడిపినవాళ్లు, పత్రికలవాళ్లు. ఒక పేరు చర్చకు రావాలంటే ఆ 18 మందిలో ఎవరో ఒకరు దాన్ని ప్రతిపాదించాలి. ఎవరూ ప్రతిపాదించకపోతే ఆ ఏడు ఓటే ఉండదు. జూన్‌లో కూర్చుంటారు, రహస్యంగా ఓటేస్తారు. లోపలికి వెళ్లాలంటే 18లో 14 ఓట్లు కావాలి. ఏడాదికి మగ ఆటగాళ్లు నలుగురికి మించకూడదు, ఆడవాళ్లు ఇద్దరికి మించకూడదు. ఎవరికి ఎన్ని ఓట్లొచ్చాయో బయటికి చెప్పరు. ఎవరు అడ్డుపడ్డారో చెప్పరు. సన్మానం నవంబరులో.

ఆట మానేశాక మూడు సీజన్లు ఆగాలి. రిటైర్ అయ్యానని ప్రకటించాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఆడాడా లేదా అన్నదే లెక్క. ప్రైస్ చివరి మ్యాచ్ 2022 ఏప్రిల్ 29న. కాంట్రాక్టు మాత్రం కాగితం మీద అలాగే నడిచింది. 2025 సెప్టెంబరులో ఆ కాంట్రాక్టుని శాన్ హోసే జట్టుకి బదిలీ కూడా చేశారు. ఆడని మనిషి జట్టు మారాడు! జీతాల పరిమితి లెక్కలు అలా ఉంటాయి, మనం అందులోకి పోవద్దు. మూడు సీజన్లు గడిచాయి కాబట్టి 2025లో అతనికి అర్హత వచ్చింది. ఆ జూన్‌లో ఎంపికైన మగవాళ్లు ఎవరు? జో థార్న్‌టన్, జ్డెనో చారా, డంకన్ కీత్, అలెగ్జాండర్ మొగిల్నీ. ప్రైస్ పేరు లేదు.

అప్పటి నుంచి వాదన మొదలైంది. ఒక పక్కవాళ్లు అంటారు, కప్పు లేదు, గెలుపులు 361 మాత్రమే, ఏడాదిలో ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ ఒక్కసారే, ఆఖరి ఏళ్లలో ఆట పడిపోయింది. ఇంకో పక్కవాళ్లు అంటారు, ఆ కాలంలో ప్రపంచంలో అంతకంటే గొప్ప గోలీ ఎవరు? రెండు వైపులా నిజముంది. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

కప్పు సంగతి ముందు. తెలుగువాళ్ల సభ కదా, మీకు అర్థమయ్యేట్టే అడుగుతాను. హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టులాడాడు. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281 కొట్టాడు. వన్డే ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక్కటి కూడా! ఆ కారణంతో లక్ష్మణ్ గొప్పవాడు కాదని మీలో ఎవరైనా అంటారా? చేతులెత్తండి చూద్దాం. ఎవరూ లేరు. నేనూ అదే అనుకున్నాను.

హాకీ హాల్ కూడా ఆ విషయం ఎప్పుడో ఒప్పుకుంది. రాబెర్టో లుయాంగో 2022లో వెళ్లాడు, కప్పు లేదు, వెజినా కూడా లేదు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2023లో మొదటి ఏడే వెళ్లాడు, కప్పు లేదు, వెజినా ఒకటి. అటు చూస్తే క్రిస్ ఆస్‌గుడ్ పేరు మీద మూడు స్టాన్లీ కప్పులున్నాయి, 401 గెలుపులున్నాయి, అయినా ఇంకా బయటే ఉన్నాడు. అంటే కప్పు ఉన్నంత మాత్రాన తలుపు తెరుచుకోదు, లేనంత మాత్రాన మూసుకోదు. కాబట్టి “కప్పు లేదు” అనేది వాదన కాదు. వాదన మొదలుపెట్టడానికి ఒక మాట, అంతే.

కానీ ఇక్కడో చిక్కుంది. లుయాంగో గెలుపులు 489. లుండ్‌క్విస్ట్ 459. ప్రైస్ 361. వాళ్లు ఆడిన మ్యాచ్‌లు 1,044, 887. ఇతనివి 712. “కప్పు లేకపోతే లేకపోయింది, కనీసం సంఖ్య ఉండాలి కదా” అని కమిటీలో ఎవరైనా అడిగితే అది తప్పు ప్రశ్న కాదు. నేను ఆ కుర్చీలో ఉంటే నేనూ అడుగుతాను.

గెలుపుల లెక్కలో ఒక మెలిక ఉంది, వినండి. 2005 ముందు మ్యాచ్ సమానంగా ముగిస్తే డ్రా, గోలీ ఖాతాలో గెలుపు పడదు. 2005-06 నుంచి షూటౌట్ వచ్చింది, అంటే సమానమైతే ఒక్కొక్కరుగా వచ్చి గోలీ మీద కొట్టి తేల్చుకోవడం, ప్రతి మ్యాచ్‌కీ ఒక విజేత ఉండాల్సిందే. అందుకని పాతకాలం గోలీల గెలుపులతో ఇప్పటివాళ్ల గెలుపులు తూచకూడదు. రాళ్లు మారిపోయిన తక్కెడ అది. ఆ మాటకొస్తే గెలుపనేదే జట్టు లెక్క. గోలీ గోల్ కొట్టడం దాదాపు ఉండదు కదా. ముందున్నవాళ్లు రెండు గోల్సు కూడా కొట్టలేని జట్టులో దేవుడొచ్చి నిలబడ్డా గెలుపులు రావు.

మరి గోలీని దేనితో కొలవాలి? వచ్చిన షాట్లలో ఎన్ని ఆపాడు, అంతే. ప్రైస్ కెరీర్ మొత్తం మీద 91.7 శాతం. ఇక్కడివాళ్లు దాన్ని ‘నైన్ సెవెన్టీన్’ అంటారు, వెయ్యి షాట్లలో 917 ఆపాడని. వినడానికి 91, 92, 93 అన్నీ ఒకేలా ఉంటాయి. ఉండవు! ఆ ఒక్కొక్క శాతం వెనక ఏముందో చూపిస్తాను. పెన్నుంటే రాసుకోండి.

2014-15 సీజన్. ప్రైస్ 66 మ్యాచ్‌లాడాడు. అతని మీదికి వచ్చిన షాట్లు దగ్గర దగ్గర 1,950. ఆపింది 93.3 శాతం. వదిలినవి 130. ఆ ఏడు లీగ్ మొత్తం సగటు 91.5 శాతం. ఇప్పుడు ప్రైస్‌ని తీసేసి అదే చోట ఒక సగటు గోలీని నిలబెట్టండి. అవే 1,950 షాట్లు. వందకి ఎనిమిదిన్నర లోపలికి పోతాయి. ఎన్నయ్యాయి? 166. అంటే 36 గోల్సు తేడా. ఒకే మనిషి, ఒకే సీజన్‌లో. గోల్సుని గెలుపుల్లోకి మార్చడానికి వాడుకలో ఒక అంచనా ఉంది, సుమారు ఆరు గోల్సు ఒక గెలుపుతో సమానమని. ఆ లెక్కన ఆరు గెలుపులు, గెలుపుకి రెండు చొప్పున పన్నెండు పాయింట్లు. ఆ ఏడు మాంట్రియల్ 110 పాయింట్లతో డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. పన్నెండు తీసేస్తే 98. అప్పుడది మామూలు జట్టు.

“ఇవన్నీ కాగితం లెక్కలండీ, నిజంగా తీసేసి చూడలేదు కదా” అని మీరనొచ్చు. బాగా అడిగారు. తీసేసి చూశారు! ఎవరూ కావాలని చేయలేదు, అదే జరిగింది. మరుసటి ఏడు, 2015-16లో, ప్రైస్‌కి నడుము కింది భాగంలో దెబ్బ తగిలి 12 మ్యాచ్‌లే ఆడాడు. ఆ పన్నెండులో గెలిచినవి పది, ఓడినవి రెండు. జట్టు మొత్తం సీజన్ ఎలా ముగిసిందో తెలుసా? 38 గెలుపులు, 38 ఓటములు, ఓవర్‌టైమ్‌లో పోయినవి ఆరు. 82 పాయింట్లు. కప్పు కోసం చివర్లో ఆడే ప్లేఆఫ్‌కే వెళ్లలేదు. ఇప్పుడు ప్రైస్ ఆడిన పన్నెండూ తీసేయండి. 70 మ్యాచ్‌లు మిగిలాయి. 28 గెలుపులు, 36 ఓటములు, ఆరు ఓవర్‌టైమ్ ఓటములు. దాదాపు అదే జట్టు. అదే కోచ్, మిషెల్ తెరియెన్. 110 నుంచి 82కి పడిపోయింది. ఆ ఏడు వేరేవాళ్లకీ దెబ్బలు తగిలాయి, మొత్తం తప్పు గోల్ దగ్గరే జరిగిందని నేననను. కానీ పన్నెండుకి పది ఒక పక్క, డెబ్బైకి 28 ఇంకో పక్క. గోలీ విలువ ఇంత నగ్నంగా కనిపించే సందర్భం చాలా అరుదు.

కాబట్టి 2015లో నాలుగు ట్రోఫీలు అతని చేతికి రావడం వింత కాదు. ఆ నాలుగు ఎవరిచ్చారో చూడండి, అదీ ముఖ్యం. వెజినా ట్రోఫీ జట్ల జనరల్ మేనేజర్లు ఓటేసి ఇస్తారు. హార్ట్ ట్రోఫీ, లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చేది, హాకీ విలేఖరులు ఇస్తారు. టెడ్ లిండ్సే అవార్డు సాటి ఆటగాళ్లు ఇస్తారు. జెన్నింగ్స్ ఎవరూ ఓటేసేది కాదు, అతి తక్కువ గోల్సు వదిలిన జట్టు గోలీకి లెక్క ప్రకారం పోతుంది. దాన్ని షికాగో గోలీ కోరీ క్రాఫర్డ్‌తో పంచుకున్నాడు. జీతాలిచ్చేవాళ్లు, రాసేవాళ్లు, ఎదురుగా నిలబడి షాట్లు కొట్టేవాళ్లు, చివరికి లెక్కల పుస్తకం, నాలుగూ ఒకే పేరు చెప్పాయి. ఒకే ఏడు ఆ నాలుగూ అందుకున్న మొదటి గోలీ అతను.

హార్ట్ గురించి ఇంకో మాట. అది గోలీలకి దాదాపు రాదు. వందేళ్ల చరిత్రలో ప్రైస్‌కి ముందు అందుకున్న గోలీలు ఆరుగురే: రాయ్ వర్టర్స్, చక్ రేనర్, ఆల్ రాలిన్స్, జాక్ ప్లాంట్, డొమినిక్ హాషెక్, జోసే థియొడోర్. హాషెక్ రెండుసార్లు. ప్రైస్ తర్వాత 2025లో కానర్ హెల్లెబక్. ఆ ఆరుగురిలో హాల్‌లో ఉన్నవాళ్లు నలుగురు. లేనివాళ్లు రాలిన్స్, థియొడోర్. అంటే హార్ట్ వస్తే చాలు అని కూడా అనలేం. థియొడోర్‌ది కూడా మాంట్రియలే, గుర్తుందా? 2002లో అతను మెరిశాడు, కానీ ఆ తర్వాత ఆ స్థాయిని నిలబెట్టుకోలేదు. కమిటీలో ప్రైస్ వద్దనేవాళ్లు ఆ పేరే చూపిస్తారనుకుంటాను. మరి ప్రైస్ కూడా ఒక్క ఏడాది మెరుపేనా?

కాదు. 2013-14లో 92.7 శాతం. తర్వాత 93.3. ఆ తర్వాత, ఆడింది పన్నెండే అనుకోండి, 93.4. 2016-17లో 92.3. నాలుగేళ్లు వరసగా. ఆ తర్వాత 2017-18లో 90.0కి పడిపోయాడు, 49 మ్యాచ్‌లాడితే గెలిచింది 16. దాచను, అది ఘోరమైన సీజన్. 2018-19లో మళ్లీ 91.8కి లేచాడు, తర్వాత రెండేళ్లూ మామూలే. కొండ ఎక్కాడు, శిఖరం మీద నాలుగేళ్లు ఉన్నాడు, దిగాడు. హాల్ కొలవాల్సింది శిఖరం ఎత్తునా, నడిచిన దూరాన్నా? కెన్ డ్రైడెన్‌ని చూడండి. 397 మ్యాచ్‌లు. అంతే! ఎనిమిది సీజన్లాడి వెళ్లిపోయాడు. 1983లో హాల్‌కి వెళ్లాడు. అతనికి ఆరు కప్పులున్నాయి, నిజమే. కానీ నడిచిన దూరం తక్కువని ఎవరూ ఆపలేదు.

దేశం తరఫున ఆడిన ఆట ఇంకో సంగతి. మనకో సామెత ఉంది, ఇంట గెలిచి రచ్చ గెలవమని. ప్రైస్ తిరగేశాడు. రచ్చ గెలిచాడు, ఇంటనే గెలవలేకపోయాడు. 2007లో ప్రపంచ జూనియర్ పోటీల్లో కెనడాకి స్వర్ణం, టోర్నీలో అత్యంత విలువైన ఆటగాడు. 2014లో సోచి ఒలింపిక్స్. ఐదు మ్యాచ్‌లాడాడు, ఐదూ గెలిచాడు, మొత్తం వదిలినవి మూడు గోల్సు. సెమీస్‌లో అమెరికా మీద 1-0. ఫైనల్లో స్వీడన్ మీద 3-0. ఆ ఫైనల్లో అవతలి గోల్‌లో నిలబడింది ఎవరు? ఇందాక చెప్పుకున్న లుండ్‌క్విస్ట్. టోర్నీలో ఉత్తమ గోలీ అవార్డు ప్రైస్‌కే ఇచ్చారు. 2016లో ప్రపంచ కప్ కూడా కెనడాదే, గోల్‌లో అతనే.

ఇక్కడ నేను కొంచెం తగ్గించి మాట్లాడాలి, లేకపోతే అభిమాని ప్రసంగం అవుతుంది. సోచిలో అతని మీదికి వచ్చిన షాట్లు మొత్తం 106. అంటే మ్యాచ్‌కి 21. ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలుగా 30 వస్తాయి. కెనడా రక్షణ అంత గట్టిగా ఉంది, పక్‌ని దగ్గరికే రానివ్వలేదు. కాబట్టి ఆ 97 శాతాన్ని పూర్తిగా అతని ఖాతాలో వేయను. కానీ ఇంకోటి కూడా ఉంది, గోలీలు ఎవరినడిగినా చెబుతారు. పని తక్కువున్న మ్యాచే కష్టం. పది నిమిషాలు ఒక్క షాట్ రాదు, ఒళ్లు చల్లబడుతుంది, అప్పుడొస్తుంది ఒక్కటి, అది ఆపాలి. సెమీస్‌లో 1-0 అంటే ఒక్క తప్పుకి కూడా చోటు లేదని అర్థం.

ఇంతకీ ఆ ఆపడం ఎలాగో చూద్దాం, లెక్కలతో మీకు బోరు కొట్టినట్టుంది. గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల, మూడంగుళాల అడ్డం, అంగుళం మందం, సుమారు 170 గ్రాములు. మంచు మీద దాడి చేసే భాగం మొదలయ్యే చోట గీసిన నీలి గీత నుంచి గోల్ గీతకి 64 అడుగులు. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో కొడితే అర సెకను కూడా పట్టదు. చూసి కదలడానికి టైము లేదు. అందుకని ఇప్పటి గోలీలందరూ బటర్‌ఫ్లై అనే పద్ధతిలో ఆడతారు. రెండు మోకాళ్లూ మంచు మీదికి దించి, కాళ్ల ప్యాడ్లని సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పక్కలకీ పరుస్తారు. గోల్ కింది భాగం మొత్తం మూసుకుపోతుంది. మిగిలేవి భుజాల పైన రెండు మూలలు, చంకల కింద రెండు సందులు, కాళ్ల మధ్య సందు.

దీన్లో తప్పు ఎక్కడ జరుగుతుంది? ముందే కూలబడటంలో. షాట్ కొట్టేవాడు ఊరికే భుజం కదిపితే చాలు, భయపడ్డ గోలీ మోకాళ్ల మీద పడిపోతాడు. పై మూలలు రెండూ తెరుచుకుంటాయి, ఇక అవతలివాడికి పండగే. ఆలస్యమైతే కాళ్ల మధ్యనుంచి పోతుంది. ప్రైస్ గొప్పతనం సరిగ్గా ఇక్కడే. కాళ్ల మీద నిలబడే ఓపిక. పక్ కర్ర వదిలేదాకా కూలబడడు. పక్కకి జరగాలన్నా ఎగిరి దూకడు, జారుకుంటూ ముందే అక్కడికి చేరి నిలబడి ఉంటాడు, పక్ వచ్చి ఛాతీకి తగులుతుంది. టీవీలో చూస్తే ‘ఇదేముంది, నేరుగా అతని మీదికే కొట్టాడు’ అనిపిస్తుంది. నేరుగా కొట్టలేదండీ, కొట్టబోయే చోటికి ఇతను ముందే వెళ్లాడు! అందుకే అతని హైలైట్లలో గాల్లో పల్టీలు తక్కువ. కమిటీలో గోలీలెవరైనా ఉంటే వాళ్లకి ఇది తెలుసు. మిగతావాళ్లకి తెలుసో లేదో మరి.

ఆ పద్ధతికి ఒక ఖరీదుంది. బటర్‌ఫ్లైలో తుంటి లోపలికి తిరుగుతుంది, భారమంతా మోకాలి లోపలి పక్కన పడుతుంది. ప్రాక్టీసుతో కలిపి రోజుకి వందలసార్లు. దానికి తోడు గుద్దుళ్లు. 2014 మే 17న, న్యూయార్క్ రేంజర్స్‌తో తూర్పు విభాగం ఫైనల్, అది గెలిస్తే కప్పు ఫైనలే, దాని మొదటి మ్యాచ్, క్రిస్ క్రైడర్ అదుపు తప్పి జారుకుంటూ వచ్చి ప్రైస్ కుడి కాలి మీద పడ్డాడు. ఆ సిరీస్‌లో ప్రైస్ మళ్లీ ఆడలేదు. మాంట్రియల్ ఆరు మ్యాచ్‌ల్లో ఓడిపోయింది. సోచిలో స్వర్ణం గెలిచిన మూడు నెలలకి ఇది. “కప్పు లేదు” అని కొట్టిపారేసేవాళ్లు ఆ తేదీ కూడా పక్కన రాసుకుంటే బాగుంటుంది.

రెండో అవకాశం 2021లో. ఆ ఏడు మాంట్రియల్ ప్లేఆఫ్‌కి వచ్చిందే గొప్ప. ఇక్కడ టొరంటోవాళ్లు ఉన్నారు, నొచ్చుకోకండి, మీ మేపుల్ లీఫ్స్ 3-1 ముందున్న సిరీస్‌ని వదిలేసుకున్నారు. ఆ తర్వాత విన్నిపెగ్ మీద నాలుగుకి నాలుగు. వేగస్ మీద ఆరు మ్యాచ్‌ల్లో. ఫైనల్లో టాంపా బే చేతిలో 4-1తో ఓటమి. నెల తిరక్కుండా మోకాలికి ఆపరేషన్. అక్టోబరులో లీగ్ సహాయ కార్యక్రమంలో చేరాడు. మత్తు అలవాటు నుంచి బయటపడటానికే వెళ్లానని నవంబరులో తనే బహిరంగంగా చెప్పాడు. తర్వాతి ఏప్రిల్‌లో తిరిగొచ్చి ఐదు మ్యాచ్‌లాడాడు. పట్టుదలకిచ్చే మాస్టర్టన్ ట్రోఫీ 2022లో అతనికే ఇచ్చారు. ఆ ఐదుతో ఆట అయిపోయింది.

హాల్ నియమాల్లో ఆట ఒక్కటే కాదు, క్రీడాస్ఫూర్తి, వ్యక్తిత్వం, ఆటకి చేసిన మేలు అనే మాటలు కూడా ఉన్నాయి. ప్రైస్ పెరిగింది బ్రిటిష్ కొలంబియాలో అనాహిమ్ లేక్ అనే మారుమూల పల్లెలో. తల్లి అల్కాచో ఆదివాసీ తెగ పెద్దగా పనిచేశారు. దగ్గరలో జట్టు లేదు. జట్టున్న ఊరు విలియమ్స్ లేక్ 300 కిలోమీటర్ల పైనే. తండ్రి చిన్న విమానం కొని ప్రాక్టీసుకి ఎగిరి తీసుకెళ్లేవాడు. 2015లో వెజినా అందుకుంటూ ప్రైస్ తన తల్లి తెగ భాషలో కొన్ని మాటలు మాట్లాడి, ఆదివాసీ పిల్లల్ని ఉద్దేశించి చెప్పాడు. మన భాష ఇంట్లో నిలబెట్టుకోవడానికి ఇక్కడ మనం పడే పాట్లు మీకు తెలుసు కదా. అంత పెద్ద వేదిక మీద అంత చిన్న భాష వినిపించడం చిన్న విషయం కాదు. ఓట్లు దానికే పడాలని అనను. తూకంలో అదీ ఉండాలంటాను.

ఇక మాంట్రియల్ కొలత. ఆ ఊళ్లో గోలీ అంటే ఏమిటి? గోలీలు ముఖానికి వేసుకునే ముసుగుని మామూలు చేసిన జాక్ ప్లాంట్, డ్రైడెన్, పాట్రిక్ రాయ్. 24 కప్పుల ఊరు, ఆఖరిది 1993లో. అక్కడ గోలీగా నిలబడటమంటే తాతల ఫొటోల కింద కూర్చుని అన్నం తినడం లాంటిది. ఆ ఊళ్లో ప్లాంట్ గెలుపుల రికార్డు 314. 2019 మార్చిలో ప్రైస్ దాన్ని దాటాడు. షూటౌట్ల సంగతి ఇందాక నేనే చెప్పాను, కాబట్టి ఇది ప్లాంట్ కంటే గొప్ప అనడం లేదు. అంతకాలం ఆ ఊళ్లో నిలబడ్డాడు అంటున్నాను.

నా మాట అడిగితే, ఉండాలి. మొదటి ఏడే వెళ్లాల్సినవాడు అనను. కానీ ఉండాలి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ నీలం జెర్సీ బాబూ, చెప్పమ్మా.

(శ్రోతల్లోంచి ప్రశ్న: ప్రైస్‌కి ఇస్తే పెక్కా రిన్నెకి ఎందుకివ్వకూడదు?)

చూశారా, పిల్లలే పట్టుకుంటారని ముందే చెప్పాను. ఇది చాలా మంచి ప్రశ్న, ఇవాళ్టికి అన్నిటికంటే గట్టి ప్రశ్న. నాష్‌విల్ గోలీ రిన్నె. 369 గెలుపులు, ప్రైస్ కంటే ఎనిమిది ఎక్కువ. శాతం 91.7, అచ్చంగా అదే. షటౌట్లు, అంటే ఒక్క గోల్ కూడా వదలని మ్యాచ్‌లు, 60, ప్రైస్‌వి 49. వెజినా అతనికీ ఒకటి. కప్పు అతనికీ లేదు, 2017లో ఫైనల్ దాకా వెళ్లి ఓడాడు. ఆ లెక్కలే చూస్తే ఇద్దరినీ విడదీయలేం. తేడా ఎక్కడుందంటే, రిన్నెకి హార్ట్ లేదు, సాటి ఆటగాళ్ల అవార్డు లేదు, ఒలింపిక్ స్వర్ణం లేదు. ప్రైస్ శిఖరం ఎక్కువ ఎత్తు. నువ్వు సంఖ్యలే చూస్తానంటే ఇద్దరినీ తీసుకోవాలి, లేదా ఇద్దరినీ వదిలేయాలి. నేను శిఖరం చూస్తున్నాను కాబట్టి ఒకరిని తీసుకుంటున్నాను. రిన్నె వాకిట్లో ఉన్నాడు, గడప దాటలేదు.

(ఇంకో ప్రశ్న: 2026 జూన్‌లో వస్తాడంటారా?)

జోస్యం చెప్పను గానీ లెక్క చెబుతాను. 2026లో పాట్రిస్ బెర్జెరాన్‌కి అర్హత వస్తుంది. కప్పుంది, రెండు ఒలింపిక్ స్వర్ణాలున్నాయి, రక్షణాత్మక ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీ ఆరుసార్లు. ఒక కుర్చీ అతనిదే అనుకోండి. మిగిలేవి మూడు, అదీ అన్నీ నింపితే. నింపాలని నియమం లేదు. 2028లో మార్క్-ఆంద్రే ఫ్లూరీ వస్తాడు, 575 గెలుపులు, మూడు కప్పులు. అతని పక్కన పెడితే 361 ఇంకా చిన్నగా కనిపిస్తుంది. కాబట్టి ప్రైస్‌ని మెచ్చేవాళ్లు ఈ రెండేళ్లలోనే గట్టిగా మాట్లాడాలి. 18 మందిలో 14 కావాలి అన్నాను కదా? దాన్ని తిప్పి చూడండి. పదముగ్గురు సరేనన్నా చాలదు. వద్దనడానికి ఐదుగురు చాలు, ఆ ఐదుగురెవరో మనకెప్పటికీ తెలియదు.